పన్నెండేళ్ళ ఉద్యోగానికి ఈ శుక్రవారమే ఆఖరి రోజు, ఎలా గడపాలి?

జీడిమెట్ల_చందు
జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో చేరి పన్నెండేళ్ళు దాటింది. ట్రైనీగా వచ్చాను, ఇప్పుడు ఒక సెక్షన్ నేనే చూసుకుంటున్నా. పరవాడ ఫార్మా సిటీలో మంచి అవకాశం వచ్చింది, అమ్మా నాన్నా అనకాపల్లిలో ఉంటారు కాబట్టి వాళ్ళకి దగ్గరగా ఉన్నట్టు కూడా ఉంటుందని రాజీనామా ఇచ్చేశాను.

బాధ ఏంటంటే, ఆ కాగితం ఇచ్చిన రోజు నుంచి మా మేనేజర్ ముభావంగా ఉంటున్నారు. పని విషయం తప్ప ఇంకో మాట లేదు. నిన్న హెచ్చార్ మెయిల్ వచ్చింది, శుక్రవారం పొద్దున్నే నా లాగిన్‌లన్నీ ఆపేస్తారట, ఒంటిగంటకల్లా ఐడీ కార్డు గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళిపోవాలట. నా చేతిలో ఉన్న స్టెబిలిటీ శాంపిల్స్ (మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసే నమూనాలు) పరీక్షలు ఆ రోజుతో అయిపోతాయి, నేనే ముగించి సంతకం పెట్టి వెళ్దామనుకున్నా. రాత్రి షిఫ్టులు చేశాను, ఆడిట్ ఉందంటే పండగ పూట కూడా ల్యాబ్‌లోనే ఉన్నాను. ఇప్పుడు దొంగని గెంటినట్టు గెంటుతున్నారనిపిస్తోంది.

ఎక్కువ ఏళ్ళు ఒకేచోట చేసి మానేసినవాళ్ళు చెప్పండి. ఆ రోజు ఏం చేశారు? స్వీట్లు పంచాలా? అందరికీ మెయిల్ పెట్టాలా? మేనేజర్ దగ్గరికి నేనే వెళ్ళి మాట్లాడాలా?

గుంటూరు_ఘాటు
స్వీట్లూ వద్దు గీట్లూ వద్దు. ఒంటిగంటకి బయటికి నడవమన్నవాళ్ళకి మైసూర్‌పాక్ ఎందుకండీ? కార్డు ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకుని, మంచి బిర్యానీ తిని ఇంటికెళ్ళి పడుకోండి.

ల్యాబ్_రత్నం
నేనూ క్యూసీనే, బొల్లారంలో. చందు గారూ, లాగిన్ ఆపేయడం మీమీద అనుమానంతో కాదు, మనసులోంచి అది తీసేయండి. శుక్రవారం మీరు రన్, అంటే మిషన్ మీద పరీక్ష, మొదలుపెట్టి, సాయంత్రం ఒక రిజల్ట్ లిమిట్ దాటి బయటికొచ్చిందనుకోండి. దర్యాప్తులో మొట్టమొదట చేసేది అనలిస్టుని కూర్చోబెట్టి అడగడమే కదా. ఆ అనలిస్టు సోమవారం పరవాడలో ఉంటే ఎవర్ని అడుగుతారు? అందుకే మా దగ్గర ఆఖరి రెండు మూడు రోజులు కొత్త శాంపిల్ ఇవ్వనే ఇవ్వరు. పైగా ఐడీని డిలీట్ చేయరు, డిసేబుల్ చేస్తారు అంతే. మీరు తీసిన క్రొమాటోగ్రాములు (పరీక్ష మిషన్ గీసే గ్రాఫులు), ఆడిట్ ట్రయల్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో చూపే రికార్డు), అన్నీ మీ పేరుమీదే ఉంటాయి.

శాంపిల్స్ సంగతి వదిలేసి గురువారం ఒక పని చేయండి. మీ పేరుమీద తెరిచి ఉన్న లాగ్‌బుక్కులన్నీ ఒక టేబుల్ మీద పెట్టుకుని పేజీ పేజీ చూడండి. హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏమేమి ఉన్నాయో విడదీసి చూపే మిషన్) వాడకం పుస్తకంలో ముగిసిన టైము రాయని లైను ఉంటుంది. కాలమ్ (ఆ మిషన్‌లో పెట్టే గొట్టం) కడిగి లోపల పెట్టినట్టు సంతకం లేని లైను ఉంటుంది. మీరు తయారుచేసిన వాల్యూమెట్రిక్ సొల్యూషన్ సీసా మీద గడువు తేదీ లేకపోవచ్చు. మీరు వెళ్ళిపోయాక ఆ ఖాళీ గడి ఇంకెవరూ నింపకూడదు. రేపు ఆడిటర్ వేలు సరిగ్గా అక్కడే పెడతాడు, అప్పుడు మీ జూనియర్ నిలబడి జవాబు చెప్పుకోవాలి. అన్నీ అయ్యాక సంతకాల నమూనా రిజిస్టర్‌లో మీ పేరు ఎదురుగా వెళ్ళిన తేదీ వేయించండి. పన్నెండేళ్ళు చేసినవాడు ల్యాబ్‌కి చేయాల్సిన మర్యాద అది, స్టెబిలిటీ రన్ కాదు.

హెచ్చార్_అక్క
రత్నం గారి మాటే నాదీను. నేను హెచ్చార్‌లో ఉన్నాను, వేరే రంగం. ఎక్కువ ఏళ్ళు చేసినవాళ్ళు ఆఖరి రోజంతా కాగితాల కోసం మా గది ముందు నిలబడి, తోటివాళ్ళతో రెండు మాటలు కూడా మాట్లాడకుండా వెళ్ళిపోతుంటారు, చూసి బాధేస్తుంది. కాగితాలన్నీ గురువారానికే తేల్చేసుకోండి, శుక్రవారం మనుషులకి ఉంచండి.

లాగిన్ శుక్రవారం పొద్దున్నే పోతుందంటున్నారు కదా, జీతం పోర్టల్ కూడా దాంతోనే పోతుంది. పే స్లిప్పులు, అన్ని సంవత్సరాల ఫారం 16లు, అప్రైజల్ లెటర్లు, ప్రమోషన్ లెటర్లు ముందే దించుకోండి. ఇవి మీవే, తీసుకోవచ్చు. మెథడ్‌లు, ఎస్ఓపీలు (పని చేసే పద్ధతి రాసిన కాగితాలు), కంపెనీ డేటా మాత్రం ఒక్క పేజీ కూడా వద్దు. పోర్టల్‌లో, పీఎఫ్‌లో ఆఫీసు మెయిల్ ఇచ్చి ఉంటే సొంత మెయిల్ పెట్టించండి, లేకపోతే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ మూసేసిన మెయిల్‌కి వెళ్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది పీఎఫ్‌లో మీ పేరు. మన తెలుగువాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి. పీఎఫ్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, లేదా ఒకదాంట్లో ముందూ ఒకదాంట్లో వెనకా ఉంటుంది. 2017 అక్టోబర్ 1 తర్వాత వచ్చిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత నంబరు) ఆధార్‌తో లింకై ఉంటే ఈ సవరణ మనమే చేసుకోవచ్చు. మీరు అంతకుముందే చేరారు, మీ సవరణకి కంపెనీ ఆమోదం కావాలి. లోపల ఉన్నప్పుడైతే నడుచుకుంటూ వెళ్ళి చేయించుకోవచ్చు. బయటికెళ్ళాక ఫోన్ ఎత్తేవాళ్ళు ఉండరు. పుట్టిన తేదీ, తండ్రి పేరు కూడా సరిచూసుకోండి.

జీడిమెట్ల_చందు
రత్నం గారూ, మీరు చెప్పిన తర్వాత కోపం సగం దిగింది. లాగ్‌బుక్కులు ఈ రోజే మొదలుపెడతాను. అక్కా, పీఎఫ్‌లో నా ఇంటిపేరు అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, సరిగ్గా మీరన్నట్టే!

ఇంకో రెండు సందేహాలు. గ్రాట్యుటీ ఎలా లెక్కేస్తారు? అమ్మకి షుగర్, బీపీ, కంపెనీ గ్రూపు పాలసీలోనే ఉంది. మధ్యలో ఏదైనా అయితే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

మెకానికల్_మూర్తి
గ్రాట్యుటీ లెక్క తేలికే. ఆఖరి నెల బేసిక్, డీఏ ఉంటే అది కూడా కలిపి, 15తో గుణించి 26తో భాగించండి. దాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించండి. బేసిక్ 40,000, సర్వీసు 12 ఏళ్ళు అయితే 2,76,923 వస్తుంది. ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి సంవత్సరంగా లెక్కేయాలి, అంటే 12 ఏళ్ళ 7 నెలలైతే 13 కింద లెక్క, అప్పుడు సరిగ్గా 3,00,000. అందుకే ఆఖరి తేదీ ఆరు నెలల గీతకి ఇవతల పడిందా అవతల పడిందా చూసుకోండి. మా బావమరిది పటాన్‌చెరులో వారం తేడాతో ఒక ఏడాది గ్రాట్యుటీ పోగొట్టుకున్నాడు, కొత్త కంపెనీవాళ్ళు తొందరపెట్టారని.

20 లక్షల దాకా పన్ను లేదు. సెలవులు అమ్ముకున్న డబ్బుకి కూడా 2023 ఏప్రిల్ నుంచి ప్రైవేటువాళ్ళకి 25 లక్షల దాకా మినహాయింపు ఉంది, కాబట్టి ఎన్ని ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) మిగిలాయో కాగితం మీద రాయించుకోండి.

జీడిమెట్ల_చందు
ఫిబ్రవరిలో చేరాను మూర్తి గారూ, ఆరు నెలలు ఆగస్టులోనే దాటాయి. బతికిపోయాను.

హెచ్చార్_అక్క
మూర్తి గారి లెక్క కరెక్టే. ఒక్క చేర్పు. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. బేసిక్ మొత్తం జీతంలో సగానికి తక్కువ పెట్టి మిగతాది అలవెన్సులుగా చూపించే కంపెనీల్లో, ఆ సగం దాటిన అలవెన్సుల్ని కూడా వేతనంలో కలపాలి. కాబట్టి ఏ అంకె మీద లెక్కేశారో చూపించమని అడగండి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. రాజీనామా చేసినవాళ్ళకి రావాల్సిన జీతమైతే రెండు పని దినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్‌లో ఉంది.

గుంటూరు_ఘాటు
రెండు రోజుల్లోనా అక్కా? మా ఆఫీసులో ఇప్పటికీ 45 రోజులు అంటున్నారు.

హెచ్చార్_అక్క
అంటారు. చాలాచోట్ల పాత అలవాటు ఇంకా పోలేదు. మెయిల్‌లో మర్యాదగా సెక్షన్ పేరు రాసి అడగండి, వేతనాల కోడ్ సెక్షన్ 17. రాతపూర్వకంగా అడిగినవాళ్ళ ఫైలు ముందు కదులుతుంది, నేను చూసిందే చెప్తున్నా.

సీతమ్మధార_సురేఖ
అమ్మగారి సంగతి శుక్రవారం దాకా ఆపకండి చందు గారూ, ఈ రోజే ఫోన్ చేయండి. గ్రూపు పాలసీ మామూలుగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. కొత్త కంపెనీలో చేరిన రోజునుంచే తల్లిదండ్రులకి కవర్ వస్తుందా, అసలు తల్లిదండ్రుల్ని చేర్చుకుంటారా, ముందు అది రాతలో అడగండి. చాలా కంపెనీలు భార్యాపిల్లలతో ఆపేస్తాయి.

గ్రూపులో ఉన్నవాళ్ళు అదే బీమా కంపెనీ దగ్గర సొంత పాలసీకి మారే వీలుంది. అలా మారితే గ్రూపులో గడిచిన కాలం కలిసొస్తుంది. కొత్తగా ఎక్కడో తీసుకుంటే షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు, 2024లో నాలుగేళ్ళని మూడుకి తగ్గించారు, అదే గరిష్ఠం. మా అత్తగారికి నేను ఇలాగే మార్పించాను, ప్రీమియం ఎక్కువే పడింది కానీ ఆ ఏడాదే కంటి ఆపరేషన్ అయింది. మధ్యలో ఖాళీ రోజులు మాత్రం రానివ్వకండి.

పాలకొల్లు_పిల్ల
అందరూ డబ్బుల గురించే చెప్తున్నారు, స్వీట్ల గురించి నేను చెప్తాను. పంచండి! నేను ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి మానేశాను. యాజమాన్యంతో చివర్లో బాగా గొడవైంది, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని వారాల తరబడి తిప్పారు (మీవి కూడా వాళ్ళ దగ్గరుంటే ముందు అవి చేతికి తీసుకోండి, తర్వాతే మిగతా సంతకాలు). అయినా ఆఖరి రోజు తాపేశ్వరం కాజాలు తీసుకెళ్ళాను. యాజమాన్యం కోసం కాదు. స్టాఫ్ రూములో బాక్సు తెరిచి పెట్టేసి వెళ్ళిపోలేదు, అటెండరు, ల్యాబ్ అసిస్టెంటు, గేటు దగ్గర తాత, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేతిలో పెట్టి ఒక్కో మాట చెప్పాను. ల్యాబ్ అసిస్టెంటుతో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అంతసేపు మాట్లాడలేదు. బల్ల మీద పెట్టిన బాక్సు ఎవరు పెట్టారో కూడా చూడకుండా తినేస్తారు, చేతికిస్తే వేరు.

గుంటూరు_ఘాటు
సర్టిఫికెట్లు తొక్కిపట్టినవాళ్ళ ప్రాంగణంలో కాజాలు పంచారా! మీ సహనానికి దండం పెట్టాలి. నేనైతే బీరువా ముందే కూర్చుని తినేవాణ్ణి మొత్తం.

పాలకొల్లు_పిల్ల
బీరువా తాళం అటెండర్ దగ్గరుండేది, సర్టిఫికెట్లు చివరికి తెచ్చిచ్చింది కూడా ఆయనే. కాజా ఎవరికి ఇవ్వాలో నాకు బాగా తెలుసు :)

డిపో_అబ్బాయి
మా నాన్న ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరయ్యారు. ఆఖరి డ్యూటీ రోజు డిపోలో బస్సుకి దండ వేశారు, డ్రైవర్ మావయ్య హారన్ కొట్టుకుంటూ తీసుకొచ్చాడు. అదంతా బాగుంది కానీ నాకు గుర్తుండిపోయింది వేరే. డ్యూటీ దిగాక నాన్న ఎప్పటిలాగే క్యాష్ కౌంటర్ కిటికీ దగ్గర నిలబడి, నోట్లు రకాలవారీగా కట్టలు కట్టి, చిల్లర లెక్కపెట్టి, ఎస్సార్‌తో (టికెట్ల లెక్క కాగితంతో) సరిచూసి, టిమ్ మిషన్ (టికెట్లు కొట్టే మిషన్) అప్పజెప్పారు. బయట అందరూ దండలు పట్టుకుని రమ్మంటున్నా కదల్లేదు. లెక్క సరిపోయిందని కౌంటర్లో అతను అన్నాకే వచ్చారు. అందుకే రత్నం గారు లాగ్‌బుక్కుల గురించి రాసింది చదువుతుంటే నాన్నే గుర్తొచ్చారు.

వరంగల్_వాసి
తమ్ముడూ మీ నాయిన ముచ్చట మంచిగుంది గానీ రిటైర్మెంట్ వేరు, ఇది వేరు. రిటైరైతే అందరు దండలేస్తరు. వేరే కంపెనీకి పోతుంటే మాత్రం మొహం తిప్పుకుంటరు, మనం వాళ్ళను వదిలి పోతున్నమన్నట్టు. చందన్నా, మేనేజర్ తోని నువ్వే పోయి మాట్లాడు. శుక్రవారం వద్దు, ఆ రోజు అందరు చుట్టూ ఉంటరు. గురువారం పొద్దుగూకినంక ఆయన ఒక్కడే ఉన్నప్పుడు పో. రాజీనామా ఎందుకిచ్చినవో మళ్ళ చెప్పకు, సంజాయిషీ లెక్క ఉంటది. ఆయన దగ్గర ఏం నేర్చుకున్నవో ఒక్కటి చెప్పు, నిజంగ నేర్చుకున్నదే చెప్పు. నేను టీమ్ లీడ్ చేస్త, నా దగ్గరికెళ్ళి ఒక పాత మనిషి పోతుంటే నాకు మొదట వచ్చేది భయం. ఆ పని ఎవరు చెయ్యాలె, పై వాళ్ళకు ఏం చెప్పాలె అని. బయటికి అది కోపం లెక్క కనబడ్తది.

నైట్_షిఫ్ట్_నాని
నేను ఒప్పుకోను. పన్నెండేళ్ళు చేసినవాడితో మేనేజరే వచ్చి మాట్లాడాలి. పెద్దరికం అంటే అదే కదా. ఎప్పుడూ కింద ఉన్నవాడే తగ్గాలా?

వరంగల్_వాసి
తగ్గుడు కాదు నానీ. ఆయన రాకపోతే ఆయన ఇష్టం. చందన్న మనసుల ఆ బరువు పెట్టుకుని పరవాడ దాక మోస్కపోవద్దనే నేను చెప్పుడు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో పోటీ కంపెనీకి వెళ్తున్నామని చెప్తే కొన్నిచోట్ల ఆ క్షణంలోనే పక్కన మనిషిని నిలబెట్టి గుమ్మం దాకా పంపేస్తారు. రెండు వారాల నోటీసు ఇచ్చినా సరే. చందు గారికి ఒంటిగంట దాకా టైమిచ్చారు, మా వాళ్ళకంటే నయమే. బీమా విషయంలో మాత్రం ఇక్కడ కోబ్రా అని ఉంది, మానేశాక కూడా మొత్తం ప్రీమియం మనమే కట్టుకుంటూ 18 నెలల దాకా అదే పాలసీలో ఉండొచ్చు. ఖర్చు బాగా ఎక్కువ కానీ ఇంట్లో పెద్దజబ్బు ఉన్నవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళైతే కొత్త కంపెనీ పిటిషన్ పడకుండా ఆఖరి రోజు పెట్టుకోవద్దు, ఉద్యోగం ఆగిన రోజునుంచి గరిష్ఠంగా 60 రోజులే.

ల్యాబ్_రత్నం
మెయిల్ గురించి ఎవరూ చెప్పలేదు. ప్లాంట్ మొత్తానికి పంపే మెయిల్‌లో సారాంశం ఉండదు, ఎవరూ చదవరు. మీతో నిజంగా పనిచేసిన పదిమందికి విడివిడిగా రెండేసి లైన్లు రాయండి, సొంత నంబర్ ఇవ్వండి. లాగిన్ పోతుంది కాబట్టి గురువారం సాయంత్రమే పంపేయండి.

నైట్_షిఫ్ట్_నాని
వాట్సాప్ గ్రూపులోంచి ఎప్పుడు బయటికి రావాలి అనేది కూడా తేల్చండి. మా వాడొకడు ఏడాదైనా షిఫ్ట్ రోస్టర్ గ్రూపులోనే ఉన్నాడు, లీవులకి బొటనవేలు కూడా చూపిస్తున్నాడు.

హెచ్చార్_అక్క
అఫీషియల్ గ్రూపులోంచి ఆ రోజే రావాలి, చెప్పి రావాలి. స్నేహితుల గ్రూపు మీ ఇష్టం.

జీడిమెట్ల_చందు
శుక్రవారం రాత్రి రాస్తున్నా. అందరికీ ఒకేసారి చెప్పేస్తాను.

లాగ్‌బుక్కుల్లో నిజంగానే ఖాళీలు దొరికాయి. ఒక కాలమ్ కార్డు మీద ఇంజెక్షన్ల సంఖ్య వేయలేదు, రా డేటా చూసి ఆలస్యంగా రాసినట్టు తేదీతో సహా కారణం రాసి సంతకం పెట్టాను, రివ్యూయర్‌తో కూడా పెట్టించాను. స్టెబిలిటీ శాంపిల్స్ మా జూనియర్ అమ్మాయికి అప్పగించాను. ఆ ప్రొడక్టు గ్రాఫులో మెయిన్ పీక్ (అసలు మందుని చూపే శిఖరం) తోక దగ్గర ఒక చిన్న ఇంప్యూరిటీ (మలినం) దాక్కుంటుంది, మొబైల్ ఫేజ్ (మిషన్‌లోంచి పారే ద్రవం) పీహెచ్ కొంచెం జరిగినా అది కలిసిపోతుంది. మెథడ్‌లో పీహెచ్ లిమిట్ ఉంటుంది కానీ ఏ వైపు జరిగితే ఏమవుతుందో ఉండదు. పాత క్రొమాటోగ్రాములు రెండు పక్కపక్కన పెట్టి చూపించాను. "అన్నా, ఇది ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు" అంది. నాకు ఆ రన్ నేనే చేయాలన్న పట్టుదల అక్కడే పోయింది.

మేనేజర్ దగ్గరికి గురువారం సాయంత్రం వెళ్ళాను. వరంగల్ అన్న చెప్పినట్టే, రిజల్ట్ తేడాగా వస్తే ముందు శాంపిల్‌ని కాదు, బ్యాలెన్స్‌ని, ఫ్లాస్కునీ అనుమానించమని నేర్పింది మీరే సార్ అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా బదులు మనిషిని ఇవ్వలేదని, వచ్చే నెల ఆడిట్ ఉందని, నిద్ర పట్టడం లేదని చెప్పారు. ఇంటర్వ్యూకి ఇద్దరు పాత స్నేహితుల పేర్లు ఇచ్చాను. శుక్రవారం ఒంటిగంటకి గేటు దాకా ఆయనే వచ్చారు. నానీ, నువ్వన్నది కూడా తప్పు కాదు, కానీ నేను ఎదురుచూస్తూ కూర్చుంటే అది జరిగేది కాదు.

కాజాలు దొరకలేదు, బాదుషాలు పంచాను. గ్లాస్‌వేర్ కడిగే అక్క దగ్గరికి మొదట వెళ్ళాను. పీఎఫ్ పేరు సవరణకి హెచ్చార్ ఆమోదం అయిపోయింది. అమ్మకి సొంత పాలసీకి అప్లికేషన్ పెట్టాను, సురేఖ గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

పాలకొల్లు_పిల్ల
బాదుషా అయినా పర్లేదు, చేతికిచ్చారా లేదా అదే నాకు కావాల్సింది! చాలా సంతోషంగా ఉంది చందు గారూ.

గుంటూరు_ఘాటు
సరే, స్వీట్ల విషయంలో నేను ఓడిపోయాను. బిర్యానీ తిన్నారా లేదా?

జీడిమెట్ల_చందు
టీమంతా కలిసి తిన్నాం, సుచిత్ర దగ్గర. మేనేజరే బిల్లు కట్టారు.

కొత్త_కొలువు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను కూడా వచ్చే నెల మానేస్తున్నా, పదకొండేళ్ళ సర్వీసు. పీఎఫ్ మొత్తం తీసేసుకుని కొత్తచోట మళ్ళీ మొదలుపెడదామని ఉంది, ఇంటి అప్పు కొంత తీరుతుందని. పెన్షన్ డబ్బు కూడా వస్తుందా? పాత కంపెనీవాళ్ళు మానేసిన తేదీ వేయకపోతే ఏం చేయాలి?

హెచ్చార్_అక్క
తీయకండి. వెంటనే ఇంకో ఉద్యోగంలో చేరుతున్నారు కాబట్టి చేయాల్సింది ట్రాన్స్‌ఫర్. పెన్షన్ వాటా పదేళ్ళు దాటితే ఇక నగదుగా రాదు, 58 ఏళ్ళకి పెన్షన్‌గానే వస్తుంది. 50 నుంచి తీసుకోవచ్చు కానీ ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. లెక్క ఏంటంటే పెన్షన్‌కి లెక్కలోకి తీసుకునే జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించడం. 15,000 మీద 15 ఏళ్ళైతే నెలకి 3,214. చిన్న మొత్తమే, కానీ సర్వీసు కలుపుకుంటూ పోతే పెరుగుతుంది, అందుకే ప్రతి పాత ఖాతా ఒకే యూఏఎన్ కిందికి తెచ్చుకోవాలి.

మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, ఆఖరి పీఎఫ్ జమ అయిన నెల తర్వాత రెండు నెలలు ఆగి ఆధార్ ఓటీపీతో మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీ ఏదో అదే వేయండి, తేదీ తేడా వచ్చి కొత్త కంపెనీ సర్వీసు మీదికి ఎక్కితే ట్రాన్స్‌ఫర్‌లో చిక్కులు రావచ్చు.

మెకానికల్_మూర్తి
ఇంకోటి. ఆర్థిక సంవత్సరం మధ్యలో మారుతున్నారు కదా, పాత కంపెనీలో వచ్చిన జీతం, కట్ అయిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. ఇవ్వకపోతే స్టాండర్డ్ డిడక్షన్, పన్ను లేని మొదటి స్లాబు రెండుచోట్లా లెక్కేస్తారు, జూలైలో రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి కట్టమంటుంది.

కొత్త_కొలువు
అయితే ట్రాన్స్‌ఫరే పెడతాను. నా పేరు కూడా రెండుచోట్లా రెండు రకాలుగా ఉంది, రేపు పొద్దున్నే హెచ్చార్ దగ్గరికి వెళ్తున్నా.